దానమ్మ ముయ్యి

పోయిన నెల నేను జర్మనీ నుంచి తిరిగొచ్చి గుంతకల్లులో మా ఇంటి గడప దాటగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "చేతులు చూపీ పాపా" అని. అరవై దాటినా ఆమెకు నేనింకా పాపనే, అది వేరే సంగతి. ప్రయాణం ఎలా జరిగిందని గానీ, అన్నం తిన్నావా అని గానీ, విమానంలో భయమేసిందా అని గానీ అడగలేదు. తొంభైకి దగ్గరపడిన మనిషి. కళ్లకు పొర కమ్మి మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకుంటోంది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ చాపి, నా చేతుల కోసం గాల్లో వెతికింది. మా చర్చి వాళ్లు కొందరం కలిసి, వరద వచ్చిన ఒక ఊరికి సాయం చేయడానికి వెళ్లివచ్చామని పక్కింటివాళ్లకు తెలుసు. వెళ్లివచ్చిన కూతురి అరచేతులు తల్లి ఎందుకు తడమాలనుకుందో మాత్రం మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. తెలియాలంటే నా చిన్నప్పటి మా ఊరికి పోవాలి.

మా ఊరు గుమ్మఘట్టకు అవతల, కర్ణాటక మొదలయ్యే చోటుకు కాస్త ఇవతల ఉంటుంది. మా పేటలో చాలామంది తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగించేవాళ్లు. సగం ఇళ్లు ఆదివారం చర్చికి పోయేవి, సగం ఇళ్లు మారెమ్మకు మొక్కేవి, బావి మాత్రం అందరికీ ఒకటే. మా నాయన వారమంతా కూలి మనిషి, ఆదివారం పొద్దున ఒక్కపూట చర్చి గంట కొట్టే పెద్దమనిషి. ఆ పూట ఆయన నడకే వేరు. ఉతికిన పంచె కట్టి, మీసానికి కాస్త ఆముదం రాసుకుని, తాను తాడు లాగితే తప్ప ఊరికి తెల్లవారదన్నంత గంభీరంగా బయల్దేరేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఇంట్లో పొయ్యిలోని శెనక్కట్టె పొగా, ఆముదం వాసనా, మిద్దె మీద కాగిపోతున్న చవుడు మన్ను వాసనా కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం సీసా మూత తీస్తే నాకు ముందు ఆ మిద్దె గుర్తొస్తుంది, తర్వాతే నూనె గుర్తొస్తుంది.

నీళ్లకు మా ఇంట్లో ఒక వరస ఉండేది. సద్దలు కడిగిన నీళ్లు మేకకు, మొహం కడిగిన నీళ్లు గోడ పక్కనున్న అనపపాదుకు, అంట్లు తోమిన నీళ్లు వాకిట్లో దుమ్ము అణగడానికి. చెంబెడు నీళ్లు ఇద్దరు ముగ్గురికి ఊడిగం చేస్తే గానీ మట్టిలోకి పోవడానికి వీల్లేదు. ఇప్పుడు గుంతకల్లులో మా కుళాయి కట్టేయడం ఎవరైనా మర్చిపోతే, కళ్లు కనిపించని మా అమ్మ చెవులతోనే పట్టేసి, "యావరదీ, యేరు పారిస్తాండేది?" అని మంచం మీది నుంచే కేక పెడుతుంది. పనిమనిషి మొదట్లో భయపడేది. ఇప్పుడు ఆమె కూడా పాత్రలు తోమిన నీళ్లు పూలకుండీల్లో పోస్తోంది.

నీళ్ల తర్వాత మా అమ్మ అంత గట్టిగా పట్టుకున్నది ముయ్యిని. ఈరోజు నీ చేన్లో శెనక్కాయ పెరకడానికి నేనొస్తాను, రేపు నా చేన్లోకి నువ్వు రావాలి. అదే ముయ్యి. కూలి లేదు, రాతకోతలు లేవు. ఎవరి చేన్లో పని జరిగితే వాళ్లు మధ్యాహ్నం సంగటి పెట్టాలి, అంతే. మాకున్నది రాళ్లు తేలిన మెట్టచేను ముక్క, దానికి ముయ్యి లేకుండా కలుపు కూడా తీయలేం. ముయ్యి తీర్చని మనిషిని ఎవరూ తిట్టరు, మళ్లీ పిలవరు, అంతే. మా వైపు దానికంటే పెద్ద తిట్టు లేదు. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరంతో అమ్మ కొడవలి చేతబట్టి బయల్దేరుతుంటే నాయన అడ్డం నిలబడి, "జరంతో యాడికి పోతావు, రేపు పోరాదా" అన్నాడు. "జరం నాకొచ్చింది, వాళ్ల చేనికి రాల్యా" అని ఆయన్ను పక్కకు జరిపి వెళ్లిపోయింది. సాయంత్రం నాయనే పోయి ఆమెను నడిపించుకుని తెచ్చాడు.

నేను పైట వేసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. మా బావి అడుగున బురద, ఆ తర్వాత బురద కూడా ఎండి పెచ్చులు. బిందెలు ఎత్తుకుని దూరాన తోటల బావుల దగ్గరికి పోయి, తోట యజమాని మోటారు వేసేదాకా గట్టు మీద కూర్చోవడం ఆడపిల్లల పని. బావిని ఇంకా లోతు చేస్తే ఊట తగలొచ్చని పెద్దలు అనుకుంటూనే ఉన్నారు గానీ, కూలి మానుకుని అన్నాళ్లు తవ్వే శక్తి పేటలో లేదు. మా పాస్టరయ్య ఎవరికి చెప్పుకున్నాడో, ఒక ఆదివారం వాక్యం అయిపోయాక, జర్మనీ దేశంలోని ఒక చర్చి వాళ్లు తమ సెలవుల్లో వచ్చి మనతో కలిసి బావి తవ్వుతారని చెప్పాడు. నాయన ఆనందం పట్టలేక, సమయం కాకపోయినా ఇంకోసారి గంట కొట్టేశాడు. మారెమ్మ ఇళ్లవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

వాళ్లు జీపులో దిగినప్పుడు మా పేట చేసిన మర్యాద నేను మళ్లీ ఏ పెళ్లిలోనూ చూడలేదు. రాయదుర్గం నుంచి కొబ్బరిబోండాలు తెప్పించారు. వేపచెట్టు కింద చాపలు పరిచారు. వాళ్లలో లీనా అని అందరికంటే చిన్న అమ్మాయి, నా కంటే అయిదారేళ్లు పెద్దదేమో. జుట్టు ఎండిన గడ్డి రంగులో, మెడ అప్పటికే ఎండకు కమిలి ఉంది. ఆమెను మా ఇంట్లో దించారు. మరునాడు పొద్దున పని మొదలైంది. మగవాళ్లు బావిలోకి దిగి గడ్డపారలతో బండ పగలగొట్టడం, ఆ రాళ్లూ మన్నూ గంపలకెత్తితే పైనుంచి తాళ్లతో లాగడం, ఆడవాళ్లు వరసగా నిలబడి గంపలు చేతులు మార్చుకుంటూ గట్టవతల పోయడం. లీనా వచ్చి వరసలో నిలబడి గంప అందుకుంది. వెంటనే ఎవరో ఆ గంప లాగేసుకున్నారు. ఇంకో గంప అందుకుంది, అదీ లాగేసుకున్నారు. బావి పనికి పెద్దగా ఉన్న ఓబులప్ప, పేటంతటికీ వినిపించే గొంతు ఆయనది, "అయ్యో తల్లీ, నువ్వు మోసేదేంది? పో, ఆ నీడన కూచో" అని చెట్టు కిందికి చెయ్యి చూపించాడు. ఆమె తోటివాళ్లందరికీ ఇదే మర్యాద. పారలు పట్టుకుంటే పారలు, తాళ్లు పట్టుకుంటే తాళ్లు లాక్కుని, వాళ్లను చాపల మీద మగపెళ్లివారిలా కూర్చోబెట్టి, బోండాలు చేతికిచ్చి, నాబోటి పిల్లలను విసనకర్రలతో నిలబెట్టారు. రెండో రోజూ అదే. మూడో బోండం చేతిలో పట్టుకున్న లీనా ముఖం ఎర్రగా ఉబ్బింది. ఎండ దెబ్బ అనుకుని నేను మరింత గట్టిగా విసిరాను. ఆమె ఏడుస్తోందని పాస్టరయ్య వచ్చి చూసి చెప్పాడు.

పాస్టరయ్య పని ఆపించి అందరినీ పిలిచాడు. "వీళ్లు కూచోనేకి రాలేదప్పా, పని చేసేకి వచ్చినారు. సేవ చెయ్యల్లని సముద్రం దాటి వచ్చినారు" అన్నాడు. ఓబులప్పకు కోపమొచ్చింది. "యింటికొచ్చిన చుట్టాలతో మన్ను మోయించినామంటే రేపు పక్కూరోళ్లు మా మొగాన ఉమ్మరా? సేవ చేయించుకునేకి మేమేమన్నా దేవుళ్లా అయ్యా?" అన్నాడు.  నాకు ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరి మాటా సరైనదే అనిపిస్తుంది. ఊరికే పెట్టే చేయి వాళ్లది, ఊరికే పుచ్చుకోలేని చేయి మాది. ఆ మధ్యలో బావి ఎండిపోయి ఉంది. వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకుంటున్నారు, వాళ్లు జీపు తెప్పించుకుని వెళ్లిపోతే నేను మళ్లీ తోటల బావుల నుంచి బిందె మోయాలి. విసనకర్ర కంటే బిందె బరువని నాకు బాగా తెలుసు.

అప్పుడు మా అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరసలోనుంచి ముందుకొచ్చింది. ఆమె పేరు దానమ్మ. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. "అయ్యా, ఆ పాపనొక మాట అడగండి. వాళ్లకు చేనుండాదా?" అంది. పాస్టరయ్య అడిగాడు. లీనా ముక్కు తుడుచుకుని, ఇంటి వెనక ఉర్లగడ్డల, అదే బంగాళాదుంపల, చేను ఉందని చెప్పింది. "దాన్ని తవ్వేకి మనుషులు కావల్లనా?" ప్రతి ఏడూ కావాలంది. "అట్లయితే ముయ్యి" అంది మా అమ్మ. "ఇప్పుడు ఆ పాప మా బావికొస్తాది. ముందుకు మా యింట్లోనించి ఒకరు ఆ పాప చేనికి పోతాము. సరేనంటే గంప ఎత్తుకోమను. ముయ్యికొచ్చిన మనిషి చుట్టమెట్లయితాది?" పాస్టరయ్య ఆ మాటను వాళ్ల భాషలోకి తేవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. లీనా అంతా విని, "ముయ్యి" అని నోటితో ఒకసారి అనుకుని, అమ్మ ముందుకు చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి కలపడం మా అమ్మకు తెలియదు. చాపిన చేతిలో గంప పెట్టింది.

పేటంతా నవ్వింది. "ఏమ్మా దానమ్మా, సద్ది మూట కట్టుకోని సముద్రం దాటి కూలికి పోతావా?" అని ఓబులప్ప పగలబడి నవ్వాడు. కానీ ముడి విడిపోయింది. ముయ్యి అన్నాక ఇక ఎవరికీ సిగ్గు లేదు. మిగతా ఇళ్లవాళ్లు కూడా నవ్వుతూనే ఒక్కొక్కరిని తమ ముయ్యి కింద కలిపేసుకుని, వాళ్ల చేతులకు పారలూ తాళ్లూ ఇచ్చేశారు. నవ్వకుండా మాటిచ్చింది మాత్రం మా అమ్మ ఒక్కతే.

ఆ రోజులు నాకు ఎంతో ఇష్టం. లీనాకు సంగటి మింగడం రాదు, ముద్దను నమిలి నమిలి దవడలు నొప్పెట్టించుకునేది. మా అమ్మ ఆమె ఎదురుగా కూర్చుని, ముద్దను ఊరిబిండిలో అద్ది గుటుక్కున మింగి, నోరు తెరిచి చూపించేది, చూడు ఎక్కడా లేదని. వేయించిన శెనక్కాయలతో నూరిన ఆ ఊరిబిండి కారానికి ఆ పిల్ల కళ్లు నీళ్లు కారేవి, అయినా మళ్లీ చెయ్యి చాపేది. మొదటి రోజు బకెట్టు నీళ్లూ ఒంటి మీద గుమ్మరించుకుంది. మరునాడు నన్ను దొడ్లో కూర్చోబెట్టి, ఆమె చూస్తుండగా, చెంబుతో నాకు తల నుంచి కాళ్ల దాకా స్నానం చేయించింది. ఆ వయసులో నాకెంత సిగ్గుగా ఉందో ఎవరూ పట్టించుకోలేదు. లీనా ఆ తర్వాత చెంబుతోనే సరిపెట్టుకునేది. సాయంత్రం పని నుంచి రాగానే అమ్మ దీపం వెలిగించకముందే లీనాను పిలిచి, "చేతులు చూపీ పాపా" అనేది. గంప అంచులు కోసి ఆ తెల్లటి అరచేతుల నిండా బొబ్బలు. అమ్మ వాటి మీద ఆముదం రాసి, బొటనవేలితో మెల్లగా తడిమి, ఏ బొబ్బ చితికిందో, ఏది కాయ కడుతోందో చూసేది. లీనా కళ్లు మూసుకుని కూర్చునేది. మా అమ్మ నా చేతులను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదని నేను లోపల కుళ్లుకున్న మాట నిజం.

బండ కింద మన్ను తడిగా వచ్చిన రోజు బావిలోంచి ఒక్కసారిగా కేకలు లేచాయి. ఊట సన్నదే, కానీ తెల్లవారేసరికి అడుగున ఆకాశం కనబడేంత నీళ్లు నిలిచాయి. మొదటి చెంబు నీళ్లు అమ్మ లీనా చేతుల మీద పోసింది. కిందికి కారిన నీళ్లు వృథా కాకుండా నేను గిన్నె పట్టాను. జీపు ఎక్కబోతూ లీనా మా అమ్మను కావిలించుకుని, "ముయ్యి" అంది. "వస్తాం పాపా" అంది అమ్మ.

ఆ బావి చాలా ఏళ్లు మా పేటను బతికించింది. దాంతోపాటే ఇంకో సంగతీ బతికింది. మొదట ఓబులప్ప సరదాగా అన్నదే. జల్లెడ తీసుకుపోయి తిరిగివ్వని వాళ్లను చూసి, "అది దానమ్మ ముయ్యిలే, వచ్చినప్పుడు వస్తాది" అన్నాడు. వినడానికి బాగుంది కాబట్టి అందరి నోళ్లకూ ఎక్కింది. రాని చుట్టం, కుదరని సంబంధం, పడని వాన, అన్నీ దానమ్మ ముయ్యే. అమ్మ కూడా మొదట్లో నవ్వేది. ఒకసారి అమ్మా నేనూ రాయదుర్గం బస్సులో పోతుంటే మా ముందు సీట్లో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మా ఊరివాళ్లు కూడా కాదు. "మీ ఊరికి రోడ్డేస్తారంట కదన్నా" అని ఒకడంటే, రెండోవాడు, "యాడ వేస్తారప్పా, అది దానమ్మ ముయ్యి" అన్నాడు. ఆ దానమ్మ తమ వెనకే కూర్చుని ఉందని వాళ్లకేం తెలుసు. అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బస్సు దిగి చేను దాటాక, "జరంతో కూడా పోయినదాన్ని పాపా, నా పేరే దొరికిందా వాళ్లకు" అంది చివరికి. ఆ తర్వాత ఆ మాట విని అమ్మ నవ్వడం నేను చూడలేదు.

క్రిస్మస్‌కు లీనా దగ్గర్నుంచి మంచు పడుతున్న బొమ్మలతో కార్డులు వచ్చేవి. పాస్టరయ్య వేరే ఊరికి బదిలీ అయ్యాక అవీ ఆగిపోయాయి. కార్డుల మీద ఆ ఊరి పేరు మాత్రం నాకు కంఠతా వచ్చేసింది. నేను చదువుకుని గుంతకల్లులో టీచరుగా చేరాను. నాయన కాలం చేశాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. జంక్షన్ కదా, మా ఇంట్లోకి పగలంతా రైలు కూతలు వినిపిస్తాయి. "ఇన్ని రైళ్లు పోతాండాయే, ఒక్కటీ ఆ పక్కకు పోదా?" అని అమ్మ అప్పుడప్పుడు అడిగేది. తమాషాకు అడుగుతున్నట్టే అడిగేది. నేనూ తమాషాగానే, టికెట్లు అయిపోయాయమ్మా అనేదాన్ని. కానీ కళ్లు పోయాక ఆ ప్రశ్న ఎక్కువైంది. ప్రార్థనలో అందరి పేర్లూ అయిపోయాక, "ముయ్యి తీరేదాకా నన్నుంచు స్వామీ" అనేది. నా తల్లి బతకడానికి అదొక కారణం అయినందుకు సంతోషించాలో, ఆ బరువుతో పోతుందేమోనని బాధపడాలో నాకు తోచేది కాదు.

కిందటేడు మా చర్చిలో ఇప్పటి పాస్టరు, కుర్రవాడు, తెర మీద కొన్ని ఫోటోలు చూపించాడు. జర్మనీలో నది పొంగి ఊళ్ల మీద పడిందని, తోటలూ నేలమాళిగలూ ఒండ్రుతో నిండిపోయాయని చెప్పాడు. చెబుతూ ఒక ఊరి పేరన్నాడు. నేను బెంచీలోంచి లేచి నిలబడిపోయాను. "ఎప్పుడూ వాళ్లే మనకాడికి వచ్చినారు. ఈసారి మనం పోదామా?" అని ఆయన అంటే చర్చిలో చాలామంది నవ్వారు. కరువు సీమవాళ్లు వరద ఊరికి సాయం పోవడమా అని. చివరికి కొందరం తేలాం. రిటైరైన ఒక నర్సు, రైల్వేలో ఫిట్టరుగా చేసిన ఒకాయన, రాయదుర్గం జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్లు, పాస్టరు, నేను. లీనా బతికే ఉందని ఆ చర్చివాళ్లు కబురు పంపారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "నేనే పోవల్ల, మాటిచ్చింది నేను" అని మంచం దిగబోయింది. "యింట్లోనించి ఒకరంటివి గదమ్మా, నేను ఇంట్లోదాన్నే" అన్నాను. ఒప్పుకోవడానికి పూట పట్టింది. ఒప్పుకున్నాక దగ్గర కూర్చుని ఊరిబిండి నూరించి, మూట కట్టించి, "సూడు పాపా, వాళ్లు కూచోబెడితే కూచోవద్దు. కూచుంటే చుట్టానివైపోతావు. ముయ్యి తీరదు" అని మరీమరీ చెప్పింది.

అక్కడ అమ్మ భయపడినట్టే అయింది. లీనా చేతికర్రతో తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. గడ్డి రంగు జుట్టు వెండి రంగుకు తిరిగింది. ఇద్దరం కావిలించుకుని ఏడ్చాం. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో దుప్పటి కప్పి, కేకు పెట్టారు. నేను పార పట్టుకుంటే పొరుగింటాయన నవ్వుతూ వచ్చి తీసేసుకుంటాడు. బకెట్టు పట్టుకుంటే ఇంకెవరో అందుకుంటారు. దూరం నుంచి వచ్చినవాళ్లు, పైగా పెద్దవాళ్లు, మీరు మాతో ఉండటమే చాలు అంటారు. ఆ పొరుగింటాయన ముఖంలో నాకు ఓబులప్ప కనిపించాడు. తిరుగు ప్రయాణం దగ్గరపడుతోంది. పైగా నన్ను తొలిచేది ఇంకోటుంది. అన్నేళ్ల కిందటి ఆ మాట లీనాకు గుర్తుందో లేదో. ఆమె మరిచిపోయి ఉంటే నేను ఎవరికి తీర్చాలి? ఏమని ఇంటికి పోవాలి?

చివరికి కేకు పళ్లెం పక్కన పెట్టి, "మీ ఉర్లగడ్డల చేనేదీ?" అని ఇంగ్లీషులో అడిగాను. లీనా కర్ర పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. చేను లేదు. కంచె దాకా ఎండి బిగుసుకున్న ఒండ్రు, మధ్యలో ఒక విరిగిన కుర్చీ కాలు బయటికి పొడుచుకుని ఉంది. గోడకు ఆనించిన గంపలాంటి బుట్ట ఒకటి కనిపిస్తే తీసి, ఆమె ముందుకు చాపి, "ముయ్యి" అన్నాను. లీనా ఆ బుట్టను, నన్ను చూసి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఇంటికి తిరిగొచ్చిన ఏడే అందరికీ చెప్పిందట, ఇండియా నుంచి ఒకామె నా ఉర్లగడ్డలు తవ్వడానికి వస్తుందని. పెళ్లయ్యాక భర్తకూ చెప్పిందట. ఆయన పోయేదాకా ప్రతి ఏడూ గడ్డలు తవ్వే రోజున భోజనం దగ్గర, "నీ ఇండియా మనిషి ఈ ఏడు కూడా రాలేదే" అని ఏడిపించేవాడట. "నన్నెవరూ నమ్మలేదు" అంది. అక్కడ మా అమ్మ, ఇక్కడ ఈమె, ఇద్దరూ ఒకే మాటకు అన్నేళ్లు నవ్వులపాలయ్యారని తెలిసి నేను అక్కడే ఒండ్రు మీద కూర్చున్నాను. తర్వాత లీనా పొరుగింటాయన దగ్గరికి పోయి, ఆయన చేతిలోని పార తీసుకుని, ఆయన్ను కుర్చీలో కూర్చోమని, పార నా చేతికిచ్చింది.

ఆ తర్వాత నన్నెవరూ ఆపలేదు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఒండ్రు ఎత్తాను. మా వైపు చెరువు ఒండ్రును బండ్ల మీద చేలకు తోలుకుంటాం, మీకు ఊరికే ఇంటికొచ్చింది అంటే లీనా గేటు పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం ఉడికించిన ఉర్లగడ్డలు పెట్టింది. నేను మూట విప్పి ఊరిబిండి పెట్టాను. ఆమె ఒక ముక్క అద్దుకుని, దగ్గి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపింది. కింది మన్ను నల్లగా బయటపడిన రోజు నాకు మా బావిలో ఊట పడిన రోజు గుర్తొచ్చింది.

ఇప్పుడు మళ్లీ మా గుంతకల్లు ఇంట్లోకి వస్తాను. అమ్మ నా చేతులు దొరకబుచ్చుకుని, తిరగేసి, బొటనవేలితో తడమడం మొదలుపెట్టింది. టీచరయ్యాక సుద్దముక్క తప్ప ఇంకేమీ మోయని అరచేతులు నావి. వేళ్ల మొదళ్ల దగ్గర బొబ్బలు ఎండి గరుకుగా ఉన్నాయి. ఒక్కొక్కదాని దగ్గరా ఆమె వేలు ఆగింది. "కూచోబెట్టలేదు గదా?" అంది. మొదట కూర్చోబెట్టారనీ, తర్వాత లేచాననీ చెప్పాను. లీనా తన భర్తతో పడిన మాటలు చెప్పాను. "పాపం, ఆమెను గూడా అనిరా" అని అమ్మ నొచ్చుకుంది. "కూడు పెట్టిందా?" పెట్టింది. "యేం పెట్టింది?" ఉర్లగడ్డలు. "ఉప్పేసి పెట్టిందా, ఊరికేనా?" కాస్త తక్కువైందన్నాను. "ఉంటాదిలే" అని క్షమించేసింది. అటక మీది ఆముదం సీసా తెప్పించి, నా రెండు చేతులకూ రాసింది. రాస్తూ, "ఓబులప్ప కొడుక్కు ఫోను చెయ్యి. ఇంగ ఆ మాట అనగూడదని చెప్పల్ల" అంది.

ఓబులప్ప పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు ఓబులేసు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఫోన్ చేసి సంగతి చెబితే అతను, "దానమ్మ ముయ్యా? ఆ మాట ఇప్పుడు ఎవరంటాండారక్కా. ముయ్యే పాయ. కలుపుకు మందు కొడతారు, తవ్వేకి జేసీబీ వస్తాది. పిల్లలకు ముయ్యంటేనే తెలీదు" అన్నాడు. నేను స్పీకర్ పెట్టాను, అమ్మ అంతా విన్నది. ముయ్యి లేని ఊరు మంచిదో కాదో నేను చెప్పలేను. జ్వరంతో ఎవరూ కొడవలి పట్టుకుని పోనవసరం లేదు, అది మంచిదే. ఒకరి చేన్లో ఒకరికి పనిలేదు, అది అంత మంచిదనిపించదు. కానీ ఆ క్షణంలో నాకు దిగులు వేసింది వేరే సంగతికి. ఇన్నేళ్లూ ఎవరూ అనని మాట కోసం అమ్మ ఇంత బరువు మోసిందా అని. "ఎవరూ అనల్యాదంట మా, చానా ఏండ్లయిందంట" అన్నాను మెల్లగా.

అమ్మ సీసా మూత తడుముకుంటూ బిగించింది. "వాళ్లు అనకపోతే యేమి పాపా, నాకు ఇనపడతానే ఉండె గదా" అంది. కాసేపు తల ఒక పక్కకు వంచి, కుళాయి కోసం వినేటప్పుడు పెట్టే ముఖంతో విన్నది. బయట ఏదో గూడ్సు బండి పోతోంది. "ఇప్పుడు ఇనపడ్డంల్యా" అంది. నా చేయి వదలకుండానే గోడ వైపు తిరిగి పడుకుని, పట్టపగలు గురక పెట్టి నిద్రపోయింది.